తెర మీద కట్టిన లోకాలు: 2023 చిత్రాల్లో నేను మెచ్చిన ఐదు కళా నిర్మాణాలు



ఈ పాఠాన్ని ఒక చిన్న ప్రయోగంతో మొదలుపెడదాం. మీరు కూర్చున్న గదిని ఒకసారి చుట్టూ చూడండి. గోడకు తగిలించిన క్యాలెండరు, స్విచ్‌బోర్డు చుట్టూ చేతి మరకలు, ఫ్యాను రెక్కల మీద దుమ్ము, కిటికీ చువ్వకు ఆరేసిన తువ్వాలు. ఇదే గదిని ఎవరైనా ఒక సినిమా కోసం స్టూడియోలో మళ్లీ కట్టాలనుకోండి. గోడలు కట్టినంత మాత్రాన అది మీ గది అవుతుందా? కాదు. ఆ మరక ఎంత ఎత్తులో ఉండాలి, క్యాలెండరు ఏ సంవత్సరానిది కావాలి, తువ్వాలు కొత్తదా పాతదా అని ఎవరో ఒకరు ముందుగా ఆలోచించాలి. ఆ ఆలోచించే వ్యక్తినే సినిమా పరిశ్రమలో ఆర్ట్ డైరెక్టర్ అనీ, ఈ మధ్య కాలంలో ప్రొడక్షన్ డిజైనర్ అనీ పిలుస్తున్నారు.

ఈ రెండో పేరుకు ఒక చరిత్ర ఉంది. 1939లో వచ్చిన ‘గాన్ విత్ ద విండ్’ అనే అమెరికన్ చిత్రానికి విలియం కామెరన్ మెంజీస్ అనే కళాకారుడు సెట్లు మాత్రమే కాక, రంగులు, దృశ్యాల కూర్పు మొత్తాన్నీ బొమ్మలు గీసి నిర్ణయించాడు. ‘ఆర్ట్ డైరెక్టర్’ అన్న మాట ఆ పనికి చాలదని నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్ ‘ప్రొడక్షన్ డిజైనర్’ అన్న హోదా ఇచ్చాడు. ఆస్కార్ బహుమతుల్లో మాత్రం ‘ఆర్ట్ డైరెక్షన్’ అన్న పాత పేరే చాలా కాలం కొనసాగి, 2012లో ‘ప్రొడక్షన్ డిజైన్’గా మారింది.

మీకొక సందేహం రావచ్చు. భౌతికశాస్త్రం చెప్పే మనిషికి సినిమా సెట్లతో ఏం పని? దీనికి జవాబుగా నా అనుభవం ఒకటి చెబుతాను. నేను పీజీ చదివే రోజుల్లో హాస్టలు వార్షికోత్సవానికి ఒక పౌరాణిక నాటకం వేశాం. సింహాసనం వెనుక ఎర్ర తెర కట్టే పని నాకు అప్పగించారు. రిహార్సల్లో అది బ్రహ్మాండంగా ఉంది. నాటకం రోజు రాత్రి వెన్నెల దృశ్యం కోసం దీపానికి నీలం కాగితం చుట్టి వెలిగించారు. అంతే, నా ఎర్ర తెర నల్లగా మారిపోయింది. “రాజుగారి వెనకాల బొగ్గు బస్తాలు పేర్చారేమిట్రా?” అని ముందు వరుసలోంచి ఎవరో అరిచారు. ఎర్ర గుడ్డ ఎరుపు కాంతిని మాత్రమే వెనక్కి పంపుతుంది, నీలం కాంతిలో ఎరుపు లేదు కాబట్టి అది నల్లగా కనిపిస్తుంది. ఈ సంగతి పరీక్షల్లో ఎన్నోసార్లు రాసినవాణ్ణే. కాని అది నిజంగా అర్థమైంది ఆ రాత్రే. అప్పటి నుంచి ఏ సినిమా చూసినా నా చూపు నటుల వెనుక ఉన్న గోడల మీదికి పోతూ ఉంటుంది.

ఈ పాఠంలో 2023 సంవత్సరాన్ని తీసుకుంటున్నాను. ఆ ఏడాది చిత్రాలకు 2024 మార్చి 10న జరిగిన ఆస్కార్ సభలో ప్రొడక్షన్ డిజైన్‌కు ఐదు చిత్రాలు పోటీపడ్డాయి: ‘బార్బీ’, ‘కిల్లర్స్ ఆఫ్ ద ఫ్లవర్ మూన్’, ‘నెపోలియన్’, ‘ఓపెన్‌హైమర్’, ‘పూర్ థింగ్స్’. బహుమతి ‘పూర్ థింగ్స్’కు దక్కింది. నా జాబితాలోనూ ఐదు చిత్రాలున్నాయి. కాని అవే ఐదు కావు. మూడు కలుస్తాయి, రెండు కలవవు. ఎందుకో చెబుతాను.

ఎంపికకు ముందు కొలబద్ద చెప్పడం న్యాయం. నేను ప్రతి చిత్రాన్నీ మూడు ప్రశ్నలు అడిగాను. ఒకటి, ఆ సెట్టు కథకు పని చేసిందా, లేక అలంకారంగా మాత్రమే నిలబడిందా? రెండు, మన కంటిని నమ్మించడానికి ఏ సూత్రాన్ని వాడుకుంది? మూడు, అన్నిటికన్నా ముఖ్యమైనది: ఆ నమ్మకాన్ని నిజాయితీగా వాడిందా? చూసినదాన్ని మన మనసు సులువుగా వదలదు. మీలో చాలామందికి హస్తినాపురమంటే ఏదో ఒక సినిమాలోని సెట్టే గుర్తుకు వస్తుంది. రేపు చరిత్ర విషయంలోనూ అంతే. కాబట్టి సెట్టు కట్టేవాడి చేతిలో చరిత్ర పుస్తకం రాసేవాడికి ఉన్నంత బాధ్యత ఉంది.

ఐదో స్థానం: బార్బీ

గ్రెటా గెర్విగ్ దర్శకత్వం వహించిన ఈ చిత్రానికి ప్రొడక్షన్ డిజైనర్ సారా గ్రీన్‌వుడ్, సెట్ అలంకరణ కేటీ స్పెన్సర్. లండన్ దగ్గరి లీవ్స్‌డెన్ స్టూడియోలో బొమ్మల ఊరు కట్టారు. అక్కడి ఇళ్లకు గోడలు లేవు. కుళాయిలో నీళ్లు రావు. పొయ్యిలో మంట ఉండదు. ఎందుకంటే ఆడపిల్లలు ఆడుకునే బొమ్మరిల్లులో అవేవీ ఉండవు కదా!

ఇక్కడి అసలు చమత్కారం కొలతల్లో ఉంది. ఆ ఇళ్లను మామూలు మనుషుల ఇళ్ల కంటే 23 శాతం చిన్నగా కట్టారు. ఒక లెక్క వేద్దాం. 10 అడుగుల ఎత్తు ఉండవలసిన పైకప్పు 7.7 అడుగులకు దిగుతుంది. ఐదున్నర అడుగుల మనిషి ఆ ఇంట్లో నిలబడితే ఎలా కనిపిస్తుంది? 5.5ను 0.77తో భాగించండి. సుమారు 7.1 అడుగులు వస్తుంది. అంటే నటి తన ఇంటి కంటే కొంచెం పెద్దదిగా, అచ్చం బొమ్మరిల్లులోని బొమ్మలా కనిపిస్తుంది. చూసేవారికి తేడా ఎక్కడుందో చెప్పడం రాదు, కాని ఇది మామూలు ఇల్లు కాదని మాత్రం తెలిసిపోతుంది. మన కన్ను పరిమాణాన్ని విడిగా కొలవదు, పక్కనున్న వస్తువుతో పోల్చి కొలుస్తుందన్న సూత్రమే దీనికి ఆధారం.

వెనుక కనిపించే ఆకాశమూ కొండలూ కంప్యూటర్ బొమ్మలు కావు, చేత్తో వేసిన పెద్ద తెర. దూరపు కొండలు ఎప్పుడూ లేత నీలంగా, మసకగా కనిపిస్తాయి. మధ్యనున్న గాలి నీలం కాంతిని ఎక్కువగా చెదరగొట్టడమే దీనికి కారణం. చిత్రకారుడు ఆ నీలాన్ని సరిగ్గా కలిపితే, కొద్ది గజాల దూరంలో ఉన్న గుడ్డ ఎన్నో మైళ్ల అవతలి కొండలా అనిపిస్తుంది. మన సురభి నాటక సమాజం 1885 నుంచీ చేత్తో వేసిన తెరలతో వనాలనూ, వీధులనూ, సభలనూ చూపిస్తున్నది ఈ విద్యతోనే. బార్బీ ఊరు దాటి వెళ్లే దృశ్యాల్లో ఒకదాని ముందు ఒకటి కదిలే చదునైన పలకలు చూసినప్పుడు నాకు సురభి రంగస్థలమే గుర్తుకు వచ్చింది.

ఇక గులాబి రంగు సంగతి. ఇంద్రధనుస్సులో గులాబి ఉండదు, గమనించారా? ఎరుపు కాంతికి తెలుపు కలిసినప్పుడు మన మెదడు కల్పించుకునే రంగు అది. ఇంత గులాబిని ఒకచోట పూస్తే ఆ గోడల నుంచి ఎగిరిపడిన కాంతి నటుల ముఖాల మీద కూడా పడుతుంది. దాన్ని అదుపులో పెట్టడం ఛాయాగ్రాహకుడికి పెద్ద పరీక్ష.

మరి ఐదో స్థానమే ఎందుకు? ఆ బొమ్మ ఒక కంపెనీ అమ్మే సరుకు. ఆ లోకం ఎంత అందంగా ఉంటే సరుకు అంత అమ్ముడుపోతుంది. సెట్టు ఆ సరుకును వెక్కిరిస్తూనే దానికి ప్రకటన కూడా అవుతుంది. చేతిపనికి నూటికి నూరు మార్కులు వేస్తాను, మూడో ప్రశ్నకు మాత్రం కొన్ని తగ్గిస్తాను.

నాలుగో స్థానం: పూర్ థింగ్స్

ముందుగా ఒక మాట. ఇది పెద్దల కోసం తీసిన చిత్రం. స్కూలు విద్యార్థులు సినిమా చూడనవసరం లేదు, సెట్ల ఛాయాచిత్రాలు చూస్తే ఈ పాఠానికి చాలు.

యోర్గోస్ లాంతిమోస్ దర్శకుడు. జేమ్స్ ప్రైస్, షోనా హీత్ కలిసి డిజైన్ చేశారు. సెట్ అలంకరణ జూజా మిహాలెక్. పెద్ద వయసు శరీరంలో పసిబిడ్డ మెదడు ఉన్న ఒక స్త్రీ లోకాన్ని మొదటిసారి చూడటం ఇందులోని కథ. లండన్, లిస్బన్ నగరాలనూ, ఒక ఓడనూ హంగరీ దేశపు స్టూడియోల్లో కట్టారు. నిజమైన లిస్బన్‌కు వెళ్లి తీయవచ్చు కదా అంటారేమో! కాని ఆమె చూసే లిస్బన్ పటంలో ఉన్న ఊరు కాదు. ఆమెకు ఆకాశం కూడా కొత్తదే. అందుకే ఆకాశం పసుపుగా, ఊదాగా కలలోలా ఉంటుంది.

ఇందులో నేర్చుకోవలసిన శాస్త్రం కటకానికి సంబంధించినది. కొన్ని దృశ్యాలను చేపకన్ను అనే కటకంతో తీశారు. నీటి అడుగున ఉన్న చేప పైకి చూస్తే, కాంతి వక్రీభవనం వల్ల ఒడ్డు మీది లోకమంతా ఒక గుండ్రటి కిటికీలోకి ఇమిడిపోయి కనిపిస్తుంది. ఈ కటకం కూడా దాదాపు అర్ధగోళమంతటినీ ఒకే చిత్రంలోకి లాక్కుంటుంది.

దీనివల్ల సెట్టు కట్టేవారికి వచ్చే చిక్కు ఏమిటో ఊహించండి. మామూలు సెట్టుకు మూడు గోడలుంటాయి. నాలుగో వైపు కెమెరా, పైన కప్పుకు బదులు దీపాలు. చేపకన్ను ముందు ఈ ఆటలు సాగవు. పైకప్పు కనిపిస్తుంది, నేల కనిపిస్తుంది, దీపం దాచడానికి మూల దొరకదు. కాబట్టి నిజమైన ఇంటిలా కప్పుతో సహా పూర్తిగా కట్టాలి, వెలుతురు కిటికీల్లోంచి లోపలికి రావాలి. ఒక కటకం మార్పు వల్ల వడ్రంగి పని, తాపీ పని, ఖర్చు అన్నీ మారిపోయాయి. శాస్త్రంలో మనం చెప్పుకునే కార్యకారణ సంబంధానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏముంటుంది?

ఆస్కార్ వారు దీనికే మొదటి బహుమతి ఇచ్చారు. నేను నాలుగో స్థానంలో ఉంచడానికి కారణం ఒక్కటే. కల్పిత లోకానికి సరిచూడవలసిన నిజం ఉండదు. తప్పు చేసే అవకాశం తక్కువ ఉన్నచోట సాధించినదానికి నేను కొంచెం తక్కువ మార్కులు వేస్తాను. మాస్టార్ల అలవాటు అనుకోండి.

మూడో స్థానం: పొన్నియిన్ సెల్వన్ రెండో భాగం

2023 ఏప్రిల్ 28న విడుదలైన ఈ తమిళ చిత్రానికి దర్శకుడు మణిరత్నం, ఆధారం కల్కి రాసిన నవల. ప్రొడక్షన్ డిజైనర్ తోట తరణి మన తెలుగువారు. తండ్రి తోట వెంకటేశ్వరరావు కూడా కళాదర్శకుడే. 1987 నాటి ‘నాయకన్’ కోసం బొంబాయి ధారావి మురికివాడను మద్రాసు స్టూడియోలో కట్టి జాతీయ బహుమతి అందుకున్న కళాకారుడాయన. ‘పొన్నియిన్ సెల్వన్’ సెట్లలో కొన్నింటిని హైదరాబాదు దగ్గరి రామోజీ ఫిల్మ్ సిటీలో వేశారు.

ఈ చిత్రం ముందున్న సమస్య ఏమిటంటే, పదో శతాబ్దపు చోళ రాజభవనం ఒక్కటి కూడా ఈనాడు నిలిచి లేదు. దేవుడికి రాతి గుడి, రాజుకు ఇటుక, కొయ్యలతో మేడ కట్టడం ఆనాటి పద్ధతి. రాయి మిగిలింది, కొయ్య పోయింది. సరే, తంజావూరు పెద్ద గుడినైనా వెనుక చూపిద్దామా అంటే, దాన్ని రాజరాజ చోళుడు 1010 ప్రాంతంలో పూర్తి చేశాడు. ఈ కథ నడిచేది అంతకు ముందు. అంటే చోళులనగానే అందరికీ గుర్తుకొచ్చే కట్టడమే వాడటానికి వీల్లేదు!

అప్పుడేం చేయాలి? పురావస్తు శాస్త్రవేత్త చేసే పనే డిజైనరూ చేయాలి. మిగిలిన ఆనవాళ్ల నుంచి మిగలనిదాన్ని ఊహించాలి. గుడి గోడల మీది శిల్పాల్లో మంటపాలు, పల్లకీలు, ఆయుధాలు ఉంటాయి. కంచు విగ్రహాల్లో నగలుంటాయి. శాసనాల్లో దీపాల లెక్కలుంటాయి. తంజావూరు గర్భగుడి చుట్టూ ఉన్న చీకటి దారిలో 1931లో బయటపడిన చోళుల కాలపు వర్ణచిత్రాలున్నాయి. అవి కథాకాలం కంటే కొంచెం తరువాతివే అయినా దగ్గరి సాక్ష్యాలు. ఎముక ఒకటి దొరికితే జంతువు మొత్తాన్ని గీసే జీవశాస్త్రవేత్తలా, స్తంభం ఒకటి దొరికితే సభ మొత్తాన్ని గీయాలి.

వెలుతురు సంగతి కూడా గమనించండి. ఆ కాలంలో సూర్యుడు పోతే నూనె దీపాలు, కాగడాలే దిక్కు. దీపం నుంచి దూరం రెట్టింపైతే దాని వెలుగు నాలుగో వంతుకు పడిపోతుందని మీరు చదివే ఉంటారు. కాబట్టి పాతకాలపు మేడల్లో రాత్రి అంటే అక్కడక్కడా వెలుగు మడుగులు, మధ్యలో చీకటి. చరిత్ర చిత్రాల్లో సభ మొత్తం పగటిలా వెలిగిపోతూ ఉంటే అక్కడ విద్యుత్తు ఉందని అర్థం. ఈ చిత్రంలో చాలా దృశ్యాలు ఆ చీకటిని గౌరవించాయి.

మీకొక చిన్న పని. ఈ చిత్రం చూసేటప్పుడు కమానులు ఎక్కడ కనిపిస్తాయో గుర్తు పెట్టుకోండి. చోళ శిల్పులు ముఖ్యంగా స్తంభం మీద దూలం పెట్టి కట్టేవారు. వంపు తిరిగిన కమాను మన దేశంలో విస్తారంగా వాడుకలోకి వచ్చింది తరువాతి శతాబ్దాల్లో. మీ లెక్క మీరే వేసుకోండి, నా లెక్కతో ఏకీభవించనక్కర లేదు.

రెండో స్థానం: ఓపెన్‌హైమర్

అణుబాంబు తయారీకి శాస్త్రీయ నాయకత్వం వహించిన రాబర్ట్ ఓపెన్‌హైమర్ కథ ఇది. దర్శకుడు క్రిస్టఫర్ నోలన్, ప్రొడక్షన్ డిజైనర్ రూత్ డి జాంగ్. 1943లో న్యూమెక్సికో కొండల మీద రహస్యంగా వెలసిన లాస్ అలమోస్ పట్టణం ఈనాడు కొత్త భవనాలతో నిండిపోయింది. అందువల్ల అదే రాష్ట్రంలోని ఘోస్ట్ రాంచ్ అనే చోట ఆ పాత పట్టణాన్ని మళ్లీ కట్టారు. ఖర్చు తగ్గించడానికి భవనాల బయటి రూపమే కట్టి, లోపలి దృశ్యాలను వేరే చోట్ల తీశారు. ఓపెన్‌హైమర్ కుటుంబం నిజంగా కాపురమున్న ఇంట్లోనూ కొన్ని దృశ్యాలు తీశారు.

ఈ సెట్టులో నాకు నచ్చింది దాని పేదరికం. ప్రపంచాన్ని మార్చిన ప్రయోగశాల అంటే మనం మెరిసే యంత్రాలను ఊహిస్తాం. ఇక్కడ కనిపించేవి కొయ్య ఇళ్లు, దుమ్ము రోడ్లు, కరెంటు తీగలు, ముళ్లకంచె. చరిత్రలో ఉన్నదీ అదే. గొప్ప శాస్త్రం గొప్ప భవనాల్లోనే పుట్టదన్న సంగతిని ఒక్క మాట లేకుండా ఆ దుమ్ము రోడ్డు చెప్పింది.

ఈ చిత్రంలో కొంత భాగం నలుపు తెలుపుల్లో ఉంది. రంగుల దృశ్యానికీ దీనికీ సెట్టు కట్టడంలో తేడా ఉంటుంది. మీరే చేసి చూడండి. ఒక ఎర్ర పువ్వునూ, ఒక పచ్చని ఆకునూ పక్కపక్కన పెట్టి ఫోనులో నలుపు తెలుపు ఫోటో తీయండి. రంగులో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉన్న రెండూ చాలాసార్లు దాదాపు ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. కాబట్టి నలుపు తెలుపు చిత్రానికి డిజైన్ చేసేవారు రంగును కాక, అది వెనక్కి పంపే కాంతి ఎంతో చూసి గోడనూ, కుర్చీనూ, కోటునూ ఎంచుకుంటారు. 1957లో ‘మాయాబజార్’ కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే కలిసి సాధించినది కూడా ఈ బూడిద రంగుల లెక్కే.

ఇంత శ్రద్ధలోనూ ఒక పొరపాటు దొర్లింది. 1945 నాటి ఒక దృశ్యంలో జనం ఊపే అమెరికా జెండాల్లో 50 నక్షత్రాలున్నాయని ప్రేక్షకులు పట్టుకున్నారు. అప్పటికి ఉండవలసినవి 48. యాభై నక్షత్రాల జెండా 1960లో వచ్చింది. చిన్న తప్పే. కాని దాన్ని పట్టుకున్న ప్రేక్షకుణ్ణి నేను మెచ్చుకుంటాను, అది శాస్త్రవేత్త చూపు.

ఇంతకంటే పెద్ద లోటు ఒకటుంది. ఆ సెట్టు చుట్టూ ఉన్న భూమి ఖాళీగా కనిపిస్తుంది. నిజానికి అది ఖాళీ భూమి కాదు. అక్కడ ఒక బడి ఉండేది, స్పానిష్ మూలాలున్న రైతు కుటుంబాలు ఉండేవి. యుద్ధం పేరుతో వారిని ఖాళీ చేయించారు. 1945 జూలై 16న పరీక్ష జరిగిన చోటికి గాలివాలులో పల్లెలున్నాయి. అక్కడివారికి ప్రభుత్వ రేడియేషన్ పరిహార చట్టం వర్తించింది 2025లో, అంటే 80 ఏళ్ల తరువాత. సెట్టులో ఏం పెట్టారో చూడటం ఎంత ముఖ్యమో, ఏం వదిలేశారో చూడటం అంత ముఖ్యం. ఆ లోటే దీన్ని రెండో స్థానంలో ఆపింది.

మొదటి స్థానం: ద జోన్ ఆఫ్ ఇంటరెస్ట్

ఈ చిత్రానికి ఉత్తమ అంతర్జాతీయ చిత్రంగానూ, ధ్వనికీ ఆస్కార్లు వచ్చాయి. ప్రొడక్షన్ డిజైన్‌లో పోటీకి కూడా ఎంపిక కాలేదు. నా దృష్టిలో మాత్రం ఆ సంవత్సరపు ఉత్తమ కళా నిర్మాణం ఇదే. దర్శకుడు జొనాథన్ గ్లేజర్, ప్రొడక్షన్ డిజైనర్ క్రిస్ ఆడీ.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్ నాజీలు పోలండులో నడిపిన ఆష్విట్జ్ శిబిరంలో సుమారు 11 లక్షల మందిని చంపారు. వారిలో అత్యధికులు యూదులు. ఆ శిబిరపు అధికారి రుడాల్ఫ్ హోస్ తన భార్యాపిల్లలతో శిబిరం గోడ పక్కనే కాపురం ఉండేవాడు. ఈ చిత్రం ఆ ఇంటిని చూపిస్తుంది. పూలతోట, ఈతకొలను, వంటగది, పిల్లల ఆటలు. గోడ అవతల శిబిరంలో జరిగే హింసను కెమెరా ఎన్నడూ చూపించదు. పొగ కనిపిస్తుంది, శబ్దాలు వినిపిస్తాయి, అంతే.

అసలు ఇంటికి దగ్గరలోనే ఉన్న మరో ఇంటిని తీసుకుని ఆనాటి ఇంటిలా మార్చారు. చిత్రీకరణ నాటికి పూలు పూయాలి కాబట్టి తోటను నెలల ముందే నాటారు. ఇంటి లోపల పది వరకు కెమెరాలను అమర్చి, సిబ్బంది ఎవరూ లేకుండా, సినిమా దీపాలు లేకుండా, పగటి వెలుతురులోనే తీశారు. కెమెరా ఎటు చూస్తుందో తెలియనప్పుడు ప్రతి గదీ, ప్రతి సొరుగూ నిజమైనదిగా ఉండాలి. మోసానికి చోటు లేని సెట్టు అది.

ఇక్కడ డిజైనర్ తీసుకున్న ఒక నిర్ణయం నన్ను చాలా రోజులు ఆలోచింపజేసింది. పాతకాలం అనగానే సినిమావాళ్లు గోడలకు మసి పూస్తారు, చెక్కను గీస్తారు, బట్టలను టీ నీళ్లలో ముంచి వెలిసిపోయినట్టు చేస్తారు. ఈ చిత్రంలో అలా చేయలేదు. అన్నీ కొత్తగా, శుభ్రంగా, మెరుస్తూ ఉంటాయి. ఎందుకంటే 1943లో ఆ ఇంట్లో ఉన్నవారికి అది పాతకాలం కాదు, ఆ రోజే. దుర్మార్గం బూజు పట్టిన చీకటి కొంపలోనే ఉంటుందని మనం అనుకుంటాం. అలా అనుకోవడం మనకు హాయిగా ఉంటుంది. ఈ సెట్టు ఆ హాయిని తీసేసింది. నీట్‌గా ఇస్త్రీ చేసిన దుప్పటి, పూలకుండీ, వేళకు భోజనం, వీటి మధ్య కూడా మనిషి అంత పని చేయగలడని చూపించింది.

విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు ఇందులో మరో విశేషముంది. ఒక అమ్మాయి రాత్రిపూట రహస్యంగా వెళ్లి ఖైదీల కోసం పళ్లు దాచిపెట్టే దృశ్యాలున్నాయి. దీపాలు వాడకూడదన్నది నియమం. రాత్రి మరి ఎలా తీయాలి? ఉష్ణాన్ని చూసే కెమెరా వాడారు. మన కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 0.4 నుంచి 0.7 మైక్రోమీటర్లు. మన శరీరపు వేడి వల్ల వెలువడే పరారుణ కిరణాలు 10 మైక్రోమీటర్ల దగ్గర ఎక్కువగా ఉంటాయి. ఆ కిరణాలను పట్టే కెమెరాకు చల్లని నేల నల్లగా, వెచ్చని మనిషి తెల్లగా కనిపిస్తాయి. అంత చీకటి లోకంలో వెలుగుతున్నది ఆ అమ్మాయి ఒక్కతే. ఆ వెలుగు ఎవరూ వేసిన దీపం కాదు, ఆమె ఒంటి వేడి. ఒక భౌతికశాస్త్ర సూత్రం ఇంత అర్థాన్ని మోయడం నేను మరెక్కడా చూడలేదు.

మీరు చేయవలసిన పని

విద్యార్థులారా, నా వరుసే సరైనదని నేను అనను. ‘కిల్లర్స్ ఆఫ్ ద ఫ్లవర్ మూన్’లో జాక్ ఫిస్క్ ఓక్లహోమాలోని పాహస్కా అనే నిజమైన ఊరి వీధిని 1920ల నాటి మట్టి వీధిగా మార్చిన తీరు చూసి, దాన్ని వదిలేశారేమని మీరు నిలదీస్తే నా దగ్గర గట్టి జవాబు లేదు. ఐదు అంకె చిన్నది, అంతే. అయితే మీ ఎంపికకు మీరు కూడా ముందుగా కొలబద్ద చెప్పండి, ఆ తరువాతే మార్కులు వేయండి.

మరో మాట. నోటుబుక్కు అంచుల్లో బొమ్మలు గీసే విద్యార్థులు ప్రతి తరగతిలో ఉంటారు. “ఇది దేనికి పనికొస్తుందిరా?” అని వారిని మందలించిన రోజులు నాకూ ఉన్నాయి. ఇప్పుడు ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలను. కొలతలు, కాంతి, రంగు, చరిత్ర, వడ్రంగం కలిసే చోట ఒక వృత్తి ఉంది. పుణేలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో కళా దర్శకత్వం, ప్రొడక్షన్ డిజైన్‌లో ప్రత్యేక కోర్సు ఉంది. ఆసక్తి ఉన్నవారు విచారించండి.

చివరగా మొదటి ప్రయోగానికి తిరిగి వద్దాం. మీ తరగతి గదిని 80 ఏళ్ల తరువాత ఎవరో సినిమా కోసం కడుతున్నారనుకోండి. వారి కోసం ఒక కాగితం మీద పది వస్తువుల జాబితా రాయండి. బోర్డు, బల్లలు అందరూ రాస్తారు. బల్ల మీద కంపాసుతో చెక్కిన పేరు, మధ్యాహ్న భోజనం వాసన వచ్చే వైపు కిటికీ, ఎప్పుడూ ఖాళీగా ఉండే ఒక చోటు, బడి మానేసిన మీ స్నేహితుడిది, ఇవి మీరు రాస్తేనే ఉంటాయి. రాయకపోతే ఆ సెట్టులో ఆ స్నేహితుడు ఉండడు. గోడలు ఎంత అందంగా ఉన్నా అది మీ తరగతి గది కాదు.

జాబితా రాశాక మీ పక్కవారి జాబితాతో పోల్చి చూడండి. రెండూ ఎందుకు ఒకేలా లేవో చర్చించండి. ఈ పాఠంలో అసలు అభ్యాసం అదే.